ఒట్టు పెట్టని క్రైస్తవులు

మా ప్రత్తిపాడు వైపు చర్చి అంటే 1842లో గుంటూరొచ్చిన హయ్యర్ దొరగారి లూథరన్ చర్చే. మెనొనైట్లనే క్రైస్తవ శాఖ మాట నేను మొదట విన్నది జడ్చర్లలో, చిన్నమ్మను చూడబోయి, ఆ శాఖవాళ్ల ఆసుపత్రిలో. 1889లో రష్యా నుంచి నల్గొండ చేరిన ఫ్రీసెన్ దంపతులు తెలుగునాట వాళ్లకు ఆద్యులు.

కత్తి పట్టొద్దు, ఒట్టు పెట్టొద్దు, రాజ్యం వేరు, సంఘం వేరు: ఇదీ మెనొనైట్ల పాత నియమం. రెండో ప్రపంచయుద్ధంలో వేలమంది అమెరికా మెనొనైట్ కుర్రాళ్లు తుపాకీ పట్టకుండా అడవుల్లో, మానసిక ఆసుపత్రుల్లో పనిచేశారు. అలాగని అందరూ కాదు. సైన్యంలో చేరినవాళ్లూ ఉన్నారు. ఓటు వేయాలా వద్దా అన్న తగువు ఇప్పటికీ తెగలేదు. ఇండియానాలో వాళ్ల గోషెన్ కాలేజీ 2010లో ఆటలకు ముందు జాతీయగీతం వాయిస్తే రభసైంది, మరుసటి ఏడే మానేశారు. పాటకింత గొడవా అని నవ్వాను గానీ, వాళ్ల పట్టుదల నాకు నచ్చింది.

ఒట్టు మాటకొస్తే, మన ఎమ్మెల్యేలు కూడా దేవుడిమీద ఒట్టు పెట్టకుండానే ప్రమాణం చేయొచ్చు; రాజ్యాంగం మూడో షెడ్యూలులో ఆ వీలుంది.