గేర్‌బాక్సులోని ఎర్ర నూనె

నూనె పని జారనివ్వడం. ఆటోమేటిక్ గేర్‌బాక్సులో పోసే నూనె మాత్రం ఒకచోట జారనివ్వాలి, మరోచోట పట్టు కుదర్చాలి. బేరింగుల మధ్య, పళ్ళచక్రాల మధ్య రాపిడి తగ్గించాలి. తనలోనే మునిగి ఉన్న క్లచ్ ప్లేట్లు ఒకదాన్నొకటి పట్టుకునేటప్పుడు ఆ పట్టు సడలకుండానూ చూడాలి. టార్క్ కన్వర్టర్ గుండా ఇంజన్ బలాన్ని గేర్లకు అందించేది, వాల్వుల వెంట ఒత్తిడిగా ప్రవహించి గేరు మార్చేది, పుట్టిన వేడిని మోసుకుపోయేది కూడా అదే. ఇన్ని పనులు చేసే దాన్ని దుకాణంలో ‘ఏదో ఒక ఎర్ర ఆయిల్ ఇవ్వండి’ అని అడుగుతుంటే నాకు ప్రాణం చివుక్కుమంటుంది.

ద్రవంతో బలాన్ని అందించే ఆలోచన కారు కోసం పుట్టింది కాదు. ఓడలో టర్బైను చాలా వేగంగా తిరుగుతుంది, ప్రొపెల్లరు నెమ్మదిగా తిరగాలి. ఈ రెంటినీ కలపడానికి జర్మన్ ఇంజినీరు హెర్మన్ ఫొట్టింగర్ 1905లో పేటెంటు తీసుకున్నాడు. పూర్తి ఆటోమేటిక్ కార్లలోకి అది రావడానికి మూడు దశాబ్దాలు పైనే పట్టింది. జనరల్ మోటార్స్‌లో ఎర్ల్ థాంప్సన్ బృందం తయారుచేసిన హైడ్రామాటిక్ 1939లో, 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లతో బజారుకొచ్చింది. పెద్ద ఎత్తున తయారైన తొలి పూర్తి ఆటోమేటిక్ అదే. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఎం5 స్టువర్ట్ ట్యాంకుల్లోనూ అది పనిచేసింది. ఆ గేర్‌బాక్సులకు తగిన నూనెకు ‘టైప్ ఎ’ పేరుతో జనరల్ మోటార్స్ ప్రమాణం ఏర్పరచింది 1949లో. 1967లో దాని తర్వాతి ప్రమాణంగా డెక్స్‌రాన్ వచ్చింది.

ఈ కథలో నన్ను ఎక్కువగా కలచివేసే ఘట్టం తిమింగలాలది. తొలితరం నూనెల్లో పట్టు తగుమాత్రంగా ఉండటానికి స్పెర్మ్ తిమింగలం నూనె కలిపేవారు. పేరుకు నూనెగానీ అది ద్రవరూపంలో ఉండే మైనం. వేడికి తొందరగా చెడదు, లోహాన్ని అంటిపెట్టుకునే ఉంటుంది. కుదుపు లేకుండా గేరు మారడం వెనక అంత పెద్ద ప్రాణి చావు ఉందని కారు నడిపేవారిలో ఎంతమందికి తెలిసి ఉంటుంది? 1970లో అమెరికా ఆ తిమింగలాన్ని అంతరించిపోతున్న జీవుల జాబితాలో చేర్చింది. 1973 నాటి చట్టంతో ఆ నూనె వాడకానికి దారి మూసుకుపోయింది. సోనోరా ఎడారిలో పెరిగే జొజోబా పొద గింజల నూనె కూడా అలాంటి ద్రవ మైనమేనని పరిశోధకుల దృష్టి దానిమీద పడింది. తిమింగలం నూనె లేకుండా వచ్చిన డెక్స్‌రాన్ 2-సి మరో చిక్కు తెచ్చింది. అది ఆయిల్ కూలర్ లోహపు అతుకులను తినేసేది. తుప్పును అడ్డుకునే రసాయనాలు చేర్చి 2-డి తెచ్చాక గానీ ఆ బెడద తీరలేదు. నూనెలో ఒక్క దినుసు మారితే యంత్రంలో మరెక్కడో తేడా వస్తుందని ఆ దశాబ్దం నేర్పింది.

ఫోర్డ్ వాడిన ‘టైప్ ఎఫ్’లో పట్టును మెత్తబరిచే రసాయనం లేదు. ప్లేట్లు గట్టిగా, చప్పున పట్టుకునేవి. డెక్స్‌రాన్‌తో ఆ పట్టు మెత్తగా పడేది. ప్లేటు మీది పీచు పూతను, నూనెను ఇంజినీర్లు జంటగానే రూపొందిస్తారు. డెక్స్‌రాన్ పోయాల్సిన గేర్‌బాక్సులో టైప్ ఎఫ్ పోస్తే గేరు మారినప్పుడల్లా కుదుపు. టైప్ ఎఫ్ పోయాల్సిన దానిలో డెక్స్‌రాన్ పోస్తే ప్లేట్లు జారి, వేడెక్కి, మాడిపోతాయి.

చిక్కదనం సంగతీ అంతే. నూరు డిగ్రీల వేడిలో డెక్స్‌రాన్ 3 చిక్కదనం సుమారు 7.5 సెంటీస్టోక్స్. 2005లో వచ్చిన డెక్స్‌రాన్ 6 కొత్తగా ఉన్నప్పుడే 6.4 దాటకూడదు. పలచనే అయినా వాడకంలో తన చిక్కదనాన్ని అది బాగా నిలుపుకుంటుంది. అందుకే జనరల్ మోటార్స్ పాత డెక్స్‌రాన్ కార్లలో దీన్ని పోయవచ్చంటుంది. 6 అడిగే కారులో మాత్రం 3 పోయకూడదు. పైగా డెక్స్‌రాన్ 3కి లైసెన్సులు ఇవ్వడం 2006తో ముగిసింది. ఇప్పుడు డబ్బా మీద ఆ పేరుంటే దాని వెనక జనరల్ మోటార్స్ పరీక్ష లేదన్నమాట.

మన రోడ్ల మీద తికమక ఇంకా ఎక్కువ. హైదరాబాద్‌లోనైనా విజయవాడలోనైనా ‘ఆటోమేటిక్’ అనే ఒక్క పేరు కింద వేర్వేరు యంత్రాలు తిరుగుతున్నాయి. మన దేశంలో 2014లో సెలెరియో కారుతో మొదలైన ఏఎంటీలో ఉండేది మామూలు గేర్‌బాక్సే. క్లచ్‌నూ గేర్లనూ మీటే పని కంప్యూటరు చేయిస్తుంది. దానికి గేర్ ఆయిల్ కావాలి, మీటే యంత్రాంగానికి విడిగా మరో ద్రవం. సీవీటీలో ఉక్కు బెల్టు పుల్లీలను ఒరుసుకుంటూ బలాన్ని అందిస్తుంది. లోహానికి లోహానికి మధ్య పట్టు నిలిపే ప్రత్యేకమైన నూనె తప్ప అక్కడ మరొకటి పనికిరాదు. డ్యుయల్ క్లచ్ వాటిలో కొన్ని పొడివి, కొన్ని నూనెలో తడిసేవి. టార్క్ కన్వర్టర్ ఉన్న కార్లలోనూ టొయోటా డబ్ల్యూఎస్ అంటుంది, హ్యుందాయ్ ఎస్‌పీ-4 అంటుంది.

కాబట్టి రంగు చూసి కొనకండి. నూనె కారితే ఇంజన్ ఆయిల్ నుంచి వేరుగా గుర్తుపట్టడానికి వేసిన రంగది, నాణ్యతకు గుర్తు కాదు. ఓనర్స్ మాన్యువల్‌లో ఉన్న ప్రమాణం పేరు అక్షరం పొల్లుపోకుండా కాగితం మీద రాసుకుని దుకాణానికి వెళ్ళండి. ‘అన్ని కార్లకూ సరిపోతుంది’ అనే డబ్బా దొరికితే వెనక్కి తిప్పి చదవండి. కారు తయారీదారు ఆమోదించాడని ఉంటే ఒక సంగతి, ‘వాడకానికి తగినది’ అని నూనె కంపెనీ తనంతట తాను రాసుకుంటే మరో సంగతి.

పొరపాటున వేరే నూనె పోశారని తెలిస్తే ఇంజన్ స్టార్ట్ చేయకండి. పంపు తిరగనంతవరకు ఆ నూనె చాలావరకు కింది పాన్‌లోనే ఉంటుంది. విప్పి తీసేయవచ్చు. ఒక్కసారి తిరిగిందా, టార్క్ కన్వర్టర్‌లోకి, కూలర్ గొట్టాల్లోకి పాకుతుంది. ఆ తర్వాత ఒక్క డ్రెయిన్‌తో అంతా బయటికి రాదు. కొత్త నూనె పోసి, తిప్పి, మళ్ళీ తీసి పోయాల్సిందే.