విమానంలో మొహమాటం వద్దు: ఒంటరిగా విదేశం వెళ్ళే పెద్దలకు



మా ఓపీలో ఈమధ్య తరచుగా వినిపించే మాట ఒకటి ఉంది. "సిస్టరమ్మా, అమెరికా వెళ్తున్నాను, ఆరు నెలలకు మందులు రాయించండి." కూతురి పురుటికి వెళ్ళే అమ్మమ్మలు, మనవడిని చూడాలని బయలుదేరే తాతయ్యలు. వీరిలో చాలామంది ఒంటరిగానే వెళ్తున్నారు. కొందరికి తోడు పోయింది. కొందరి ఇంట్లో పొలం, పశువులు చూసుకోవడానికి ఒకరు ఆగిపోతే రెండోవారు బయలుదేరుతున్నారు. మా దగ్గరకు వచ్చేసరికి ప్రయాణం మూడు రోజుల్లో ఉంటుంది. పచ్చళ్ళు ప్యాకింగు అయిపోతుంది, చీరలు సర్దడం అయిపోతుంది, ఒళ్ళు చూపించుకోవడం మాత్రం చివరికి మిగిలిపోతుంది. ఇది కనీసం ఆరు వారాల ముందు చేయవలసిన పని.

ప్రయాణం ఎంతసేపో ముందు తెలుసుకోండి. హైదరాబాదు నుండి దుబాయ్‌కో దోహాకో సుమారు నాలుగు గంటలు. అక్కడ మరో విమానం కోసం కొన్ని గంటలు కూర్చోవాలి. అక్కడి నుండి షికాగో, డల్లాస్ వంటి ఊళ్ళకు పదిహేను గంటల పైచిలుకు. ఇంటి గుమ్మం దాటింది మొదలు అల్లుడి గుమ్మం చేరేదాకా ఒకటిన్నర రోజు పడుతుంది. ఆ ఒకటిన్నర రోజు మీ జబ్బు సంగతి తెలిసినవారు మీ పక్కన ఒక్కరూ ఉండరు.

అందరూ విమానమంటే భయపడతారు. నా అనుభవంలో పెద్దవారిని ఇబ్బంది పెట్టేది విమానం కాదు, మొహమాటం. నీళ్ళు తాగితే బాత్‌రూముకు వెళ్ళాలి. వెళ్ళాలంటే పక్క సీట్లో నిద్రపోతున్న ముక్కూమొహం తెలియనివారిని లేపాలి. ఆ తలుపు ఎలా తెరవాలో తెలియదు, అడిగితే ఏమనుకుంటారో! అందుకని ఇరవై గంటలు గుక్కెడు నీళ్ళు తాగకుండా కదలకుండా కూర్చుంటారు. కొందరు రెండు రోజుల ముందే నీరుపోయే మాత్ర మానేస్తారు. గుండె బలహీనంగా ఉన్నవారు అలా మానితే ఊపిరితిత్తుల్లో నీరు చేరి, గాలిలో ఉండగానే ఆయాసం మొదలవుతుంది. మాత్ర మానవద్దు. ప్రయాణం రోజు ఏ గంటకు వేసుకోవాలో డాక్టరుగారిని అడగండి, వేళ మార్చి ఇస్తారు.

విమానం లోపలి గాలిని సుమారు 6,000 నుండి 8,000 అడుగుల ఎత్తున్న కొండమీద ఉన్నట్టుగా ఉంచుతారు. ఊటీలో కూర్చున్నట్టు అనుకోండి. ఆరోగ్యవంతులకు ఏమీ తెలియదు. గుండె జబ్బు, పాత ఉబ్బసం, బాగా రక్తహీనత ఉన్నవారికి ప్రాణవాయువు తక్కువైనట్టు తెలుస్తుంది. ఆ గాలిలో తేమ చాలా తక్కువ, 20 శాతం కూడా ఉండదు. నోరు, పెదవులు ఎండిపోతాయి. అందుకే గంటకో చిన్న గ్లాసు నీళ్ళు తాగండి. నీళ్ళు తక్కువ తాగమని డాక్టరు చెప్పిన కిడ్నీ, గుండె రోగులు మాత్రం తమకు చెప్పిన కొలతే పాటించాలి.

బాత్‌రూము సంగతి సిగ్గుపడకుండా రాస్తున్నాను, ఎందుకంటే ఎవరూ చెప్పరు. టికెట్ తీసేటప్పుడే పిల్లలతో నడవ పక్క సీటు అడిగించండి. ఎవరినీ లేపే పని ఉండదు. చాలా విమానాల్లో ఆ తలుపు మధ్యలో నెడితే లోపలికి మడుచుకుంటుంది. లోపల గడియ జరిపితేనే లైటు బాగా వెలుగుతుంది. నీళ్ళు వదిలే బటన్ నొక్కితే పెద్ద శబ్దం వస్తుంది, కంగారుపడవద్దు. చెంబు ఉండదు, కాగితమే ఉంటుంది. ఒక చిన్న ఖాళీ ప్లాస్టిక్ సీసా చేతి సంచిలో ఉంచుకుంటే అక్కడి కుళాయి నీళ్ళు పట్టుకోవచ్చు. ఆ నీళ్ళు తాగడానికి కాదు. మోకాళ్ళ నొప్పులున్నవారు గోడకున్న పిడి పట్టుకుని లేవాలి. ఏది తెలియకపోయినా విమాన సిబ్బందిని పిలిచే బటన్ నొక్కండి, అది వారి పని.

కదలకుండా కూర్చుంటే కాలి పిక్కలో రక్తం గడ్డకట్టవచ్చు. ఆ గడ్డ జారి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం. నాలుగు గంటలు లేదా అంతకు మించి ఇలా కదలకుండా ప్రయాణించేవారికి ఈ ప్రమాదం సుమారు రెట్టింపవుతుందని 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలిపింది. అది విమానానికే కాదు, బస్సుకు, రైలుకు కూడా వర్తిస్తుంది. మొత్తం మీద చూస్తే ఆరు వేల మందిలో ఒకరికి వచ్చేది కనుక భయపడి ప్రయాణం మానుకోనక్కరలేదు. కాని ఇంతకుముందు ఒకసారి గడ్డకట్టినవారు, క్యాన్సరు వైద్యంలో ఉన్నవారు, ఈమధ్య తుంటి లేదా మోకాలి ఆపరేషను అయినవారు డాక్టరుగారితో ముందుగా మాట్లాడాలి. వారికి బిగువైన మేజోళ్ళో, ఇంజెక్షనో అవసరం కావచ్చు. ఎవరో చెప్పారని ఆస్పిరిన్ సొంతంగా వేసుకోవద్దు. మిగిలినవారికి చాలినంత పని ఇది: కూర్చున్నచోటే మడమ, వేళ్ళు మార్చి మార్చి ఎత్తుతూ కుట్టుమిషను తొక్కినట్టు తొక్కండి. రెండు గంటలకొకసారి లేచి నడవండి. కాళ్ళ దగ్గర సంచి పెట్టుకోకండి, కాలు చాపే చోటు పోతుంది.

ఇక మందులు. ఇవి పెద్ద సూట్‌కేసులో పెట్టనే కూడదు. సామాను ఒక్కోసారి రెండు రోజులు ఆలస్యంగా వస్తుంది, బిపి, షుగరు అంతవరకూ ఆగవు. అన్నీ చేతి సంచిలోనే, కొన్న పట్టీల్లోనే, పేరు కనిపించేలా ఉంచండి. మాత్రలన్నీ విప్పి ఒకే డబ్బాలో పోసుకుని వెళ్ళేవారున్నారు. అవి ఏమిటో అక్కడి అధికారికీ తెలియదు, అవసరం వస్తే అక్కడి డాక్టరుకూ తెలియదు. డాక్టరుగారి చీటీ ఇంగ్లీషులో, కంపెనీ పేరుతో కాక అసలు మందు పేరుతో రాయించండి. మన పారాసెటమాల్‌ను అమెరికాలో ఎసిటమినోఫెన్ అంటారు. మన సాల్బుటమాల్ అక్కడ అల్బుటెరాల్. మన గ్లిబెన్‌క్లమైడ్ అక్కడ గ్లైబురైడ్. ఇది తెలియక ఒకే మందును రెండు పేర్లతో రెండుసార్లు వేసుకునే ప్రమాదం ఉంది. అమెరికాకు సొంతానికి తీసుకువెళ్ళే మందులు సాధారణంగా మూడు నెలలకు సరిపడా మించకూడదు. కనుక ఆరు నెలలు ఉండేవారు మిగతా మూడు నెలల సంగతి పిల్లలతో ముందే అనుకోవాలి.

దుబాయ్‌కే వెళ్ళేవారు మరీ జాగ్రత్త. ట్రామడాల్, కోడీన్ ఉన్న నొప్పి, దగ్గు మందులు అక్కడ కట్టుదిట్టమైన జాబితాలో ఉన్నాయి, ముందస్తు అనుమతి కావాలి. గసగసాలు అక్కడ నిషేధం, మసాలా పొట్లాల్లో కూడా. అమెరికా వెళ్ళేవారు చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి తీసుకువెళ్ళకూడదు. అల్లుడికి ఎంత ఇష్టమైనా సరే!

ఇన్సులిన్ వాడేవారు ఈ భాగాన్ని ఇంట్లో అందరికీ చదివి వినిపించండి. ఇన్సులిన్‌ను పెద్ద సామానులో వేస్తే అక్కడి చలికి గడ్డకట్టి పాడైపోవచ్చు. చేతి సంచిలోనే ఉండాలి, చీటీ దానితోనే ఉండాలి. వాడుతున్న సీసా మామూలు గది చల్లదనంలో సుమారు నాలుగు వారాలు నిలుస్తుంది, కనుక ఒక రోజు ప్రయాణానికి ఐసు గడ్డలు అక్కరలేదు. భోజనానికి ముందు తీసుకునే ఇన్సులిన్‌ను గడియారం చూసి కాదు, ట్రే మీ ముందుకు వచ్చాక తీసుకోండి. తీసుకున్నాక భోజనం గంట ఆలస్యమైతే షుగరు పడిపోతుంది. జేబులో గ్లూకోజు, బిస్కట్లు ఉండాలి. వేసవిలో ఇక్కడ ఉదయం తొమ్మిది గంటలైతే డల్లాస్‌లో ముందురోజు రాత్రి పదిన్నర. పడమరకు వెళ్ళేటప్పుడు రోజు పొడవవుతుంది, తిరిగి వచ్చేటప్పుడు కురచవుతుంది. రోజంతా పనిచేసే ఇన్సులిన్‌ను ఏ వేళకు, ఎంత తీసుకోవాలో డాక్టరుగారితో కాగితం మీద రాయించుకోండి. రోజుకొక బిపి మాత్ర వేసుకునేవారికి కొన్ని గంటలు అటూ ఇటూ అయితే పెద్ద నష్టం లేదు. వేసుకున్నానో లేదో అని రెండోది మింగడమే తప్పు.

కొందరు ఇప్పుడే బయలుదేరకూడదు. ఈమధ్యనే గుండెపోటు వచ్చినవారు, పొట్ట ఆపరేషను అయినవారు డాక్టరు సరేననేదాకా ఆగాలి. కంటి రెటీనా ఆపరేషనులో లోపల గ్యాసు పెట్టించుకున్నవారు ఆ గ్యాసు పూర్తిగా కరిగేదాకా విమానం ఎక్కనే కూడదు. పైకి వెళ్ళేకొద్దీ గ్యాసు ఉబ్బి చూపు పోతుంది. నాలుగు మెట్లెక్కితే ఆయాసపడేవారు టికెట్ కొనకముందే పరీక్ష చేయించుకోండి.

వీల్‌చెయిర్ అడగడం నామోషీ అనుకోకండి. పెద్ద విమానాశ్రయాల్లో ఒక గేటు నుండి మరో గేటుకు కిలోమీటరుకు పైగా నడవాలి. వీల్‌చెయిర్ తెచ్చే మనిషి మిమ్మల్ని తరువాతి విమానం దాకా చేర్చుతాడు. ఇంగ్లీషు రానివారికి కాళ్ళకంటే ఆ తోడే ఎక్కువ అవసరం. టికెట్‌తోపాటే, లేదా కనీసం 48 గంటల ముందు విమాన సంస్థకు చెప్పాలి.

పురుటికి వెళ్ళే అమ్మమ్మలు, నాయనమ్మలు బయలుదేరేందుకు రెండు వారాల ముందే ఫ్లూ టీకా, కోరింతదగ్గు నుండి కాపాడే టీడాప్ టీకా వేయించుకోవాలి. మనకు మామూలు దగ్గే అనిపించేది పుట్టిన బిడ్డకు ప్రాణం మీదికి తెస్తుంది.

మొహమాటం ఇంకొకచోట కూడా ప్రమాదమే. "అక్కడ వైద్యం ఖరీదట, పిల్లలకు భారం కాకూడదు" అని ఛాతీ నొప్పిని కూడా దాచుకునే పెద్దలున్నారు. అమెరికా ప్రభుత్వ మెడికేర్ సందర్శకులకు వర్తించదు, మన ఆరోగ్యశ్రీ అక్కడ పనిచేయదు. అందుకే ప్రయాణ బీమా తప్పనిసరి. చాలా పాలసీలు పాత జబ్బులకు డబ్బు ఇవ్వవు. కొన్ని మాత్రం పాత జబ్బు హఠాత్తుగా ముదిరితే కొంతవరకు ఇస్తాయి. ఆ షరతు పిల్లలతో చదివించండి. బీమా ఫారంలో షుగరు, బిపి లేవని రాయించవద్దు, తరువాత మొత్తానికే తిరస్కరిస్తారు. జబ్బు దాచుకుంటే ఖర్చు తగ్గదు, ఆలస్యమై పెరుగుతుంది. ఛాతీ నొప్పి, మాట తడబడటం, మూతి వంకరపోవడం వస్తే పిల్లలు ఆఫీసు నుండి వచ్చేదాకా ఆగకుండా 911 నొక్కాలి. ఆ నంబరును, ఇంటి చిరునామాను పెద్ద అక్షరాలతో ఫోను పక్కనే అంటించమని చెప్పండి.

చేరిన తరువాత రెండు పాదాలూ కాస్త వాచితే ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. ఒక కాలే వాచి, పిక్క నొప్పి పెట్టి, వెచ్చగా ఉంటే, లేదా హఠాత్తుగా ఆయాసం వస్తే వెంటనే చూపించుకోవాలి. ప్రయాణం అయి మూడు నాలుగు వారాలైనా సరే. అక్కడి ఇళ్ళలో చెక్క మెట్లు, నునుపైన నేల, ఎత్తు గట్టున్న స్నానపు తొట్టి ఉంటాయి. ఉత్త మేజోళ్ళతో మెట్లు దిగవద్దు. తొట్టిలో జారని రబ్బరు చాప, గోడకు పిడి వేయించమని అడగండి. చలికాలంలో సాయంత్రం ఐదింటికే చీకటి పడుతుంది, పగలంతా ఇంట్లో ఒక్కరే ఉండాలి. ఆకలి, నిద్ర పోయి ఏడుపు వస్తుంటే అది కూడా పిల్లలకు చెప్పవలసిన విషయమే.

తిరిగి వచ్చాక అక్కడి పరీక్షల కాగితాలన్నీ ఓపీకి తీసుకురండి. మిగిలిన ఇన్సులిన్ ఉంటే ముందు సిస్టరుకు చూపించండి. మన మామూలు సీసాలో మిల్లీలీటరుకు 40 యూనిట్లు, దానికి ఎర్ర మూత సిరంజి. అమెరికా సీసాలో మిల్లీలీటరుకు 100 యూనిట్లు, దానికి నారింజ రంగు మూత సిరంజి. అక్కడి సీసా నుండి మన ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా తీస్తే ఒంట్లోకి పోయేది 50 యూనిట్లు.