బహుభాషల సమాఖ్యకు ఏకభాష వలయునా?

పెక్కు దేశములు తమంతట తామే ఒక కూటమిగా చేరి అందఱకును చెల్లు శాసనములను చేయ నారంభించినపుడు, ఆ కూటమికంతకు ఒకే భాష ఉండవలదా అను ప్రశ్న తప్పక పుట్టును. దీనికి ఊహలతో సమాధానము వెదకుటకంటె, ఈ ప్రశ్నను ప్రతిదినము ఎదుర్కొనుచున్న ఒక కూటమిని పరిశీలించుట మేలు. అట్టిది ఐరోపా సమాఖ్య. నేడు అందు 27 దేశములు కలవు. అధికార భాషలు 24.

1957లో రోము నగరమున జరిగిన సంధి ననుసరించి ఫ్రాన్సు, పశ్చిమ జర్మనీ, ఇటలీ, బెల్జియము, నెదర్లాండ్సు, లక్సెంబర్గు అను ఆరు దేశములు ఐరోపా ఆర్థిక సంఘముగా ఏర్పడినవి. 1958 ఏప్రిల్ నెలలో ఆ సంఘపు మంత్రిమండలి చేసిన మొట్టమొదటి నిబంధన సుంకములను గూర్చినది కాదు, వ్యవసాయమును గూర్చినది కాదు, భాషలను గూర్చినది. డచ్చి, ఫ్రెంచి, జర్మను, ఇటాలియను భాషలు నాలుగును అధికార భాషలనియు, శాసనములు నాల్గింటను ప్రకటింపబడవలెననియు, పౌరుడు వీనిలో ఏ భాషలో వ్రాసిన ఆ భాషలోనే ప్రత్యుత్తర మీయవలెననియు అది విధించినది. దేశములు చేరినకొలది భాషలును పెరిగినవి. 1973లో ఇంగ్లీషు, డేనిషు, 1981లో గ్రీకు, 1986లో స్పానిషు, పోర్చుగీసు, 1995లో ఫిన్నిషు, స్వీడిషు, 2004లో ఒక్కసారిగా తొమ్మిది భాషలు, 2007లో బల్గేరియను, రుమేనియను, ఐరిషు, 2013లో క్రొయేషియను చేరినవి.

ఏకభాషావాదుల మొదటి వాదము లెక్కలకు సంబంధించినది. నాలుగు భాషలున్నపుడు ఒక భాషనుండి మరియొక భాషకు తర్జుమా చేయు మార్గములు 12 మాత్రమే. 24 భాషలకు అవి 552 అగుచున్నవి. ఇందుకై వేయు వ్యయము, కలుగు జాప్యము నిష్ప్రయోజనములని వారి అభిప్రాయము. వారి రెండవ వాదము ఇంతకంటె బలమైనది. ఒకరి పత్రికను ఒకరు చదువలేనపుడు, ఒకరి రేడియోను ఒకరు వినలేనపుడు, పోర్చుగలు రైతునకును ఫిన్లండు కార్మికునకును తామొకే సమాఖ్య పౌరులమను భావము ఎట్లు కలుగును? ఈ ప్రశ్నను తేలికగా త్రోసిపుచ్చుటకు వీలులేదు.

కాని ఒకే భాష కావలెనన్న వెంటనే, ఏ భాష అను చిక్కు ఎదురగును. సమాఖ్యలో మాతృభాషగా మాటాడువారు ఎక్కువగా ఉన్నది జర్మను భాషకు. పరభాషగా ఎక్కువమంది నేర్చినది ఇంగ్లీషు. అయితే 2020లో బ్రిటను సమాఖ్యను వీడిపోయినది. ఇంగ్లీషు దేశ అధికార భాషలలో ఒకటిగా నున్నవి ఇపుడు ఐర్లండు, మాల్టా అను రెండు చిన్న దేశములే. ఇందువలన ఇంగ్లీషు ఎవరికిని ఎక్కువ లాభము చేకూర్పని తటస్థ భాష అయినదని కొందఱందురు; వీడిపోయినవారి భాష మనకేల అని మరికొందఱందురు. ఎవరి సొత్తును కాని భాష కావలెనన్నచో, జామెన్‌హాఫ్ పండితుడు 1887లో వార్సా నగరమున ప్రకటించిన ఎస్పెరాంతో ఉన్నది. దానికి అనేక దేశములలో అభిమానులున్నను, ఏ ప్రభుత్వమును దానిని తన భాషగా స్వీకరింపలేదు.

ఇంతకును 552 మార్గములతో పని ఎట్లు సాగుచున్నది? పార్లమెంటు సభామందిరము చుట్టును అద్దముల గదులలో దుబాసీలు కూర్చుండి, వక్త నోటినుండి మాట వెలువడుచుండగనే దానిని తమ భాషలో వినిపింతురు. స్టూడియోలో మైక్రోఫోను ముందు కూర్చుండు మావంటివారికి అది ఎంత శ్రమయో తెలియును. మాకు చేతిలో వ్రాతప్రతి యుండును, వారికి అదియును లేదు. అందుచేతనే వారు సుమారు అరగంటకొకసారి మారుచుందురు. ఎస్టోనియను నుండి నేరుగా మాల్టీసులోనికి మార్చగలవారు దొరకనపుడు, ఒకరు దానిని ఇంగ్లీషు వంటి నడిమి భాషలోనికి మార్తురు. దానిని విని మరియొకరు మాల్టీసులో చెప్పుదురు. కార్యాలయములలో నిత్యవ్యవహారము ముఖ్యముగా ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మను భాషలలో జరుగును. న్యాయస్థానమున న్యాయమూర్తులు తమలో తాము ఫ్రెంచిలో సమాలోచింతురు. సమాఖ్య సంస్థల భాషాసేవలకన్నిటికి అగు ఖర్చు మొత్తము బడ్జెటులో నూటికి ఒక వంతుకంటె తక్కువ.

కావున పని జరుపుకొనుటకు కొద్ది భాషలే చాలుచున్నవి. అట్లయిన తక్కిన భాషలలో శాసనములను ప్రకటించుట వట్టి మర్యాద కొఱకేనా? కాదని రెండు వ్యాజ్యములు తెలుపుచున్నవి.

1969లో ఆర్థిక సంఘమున వెన్న నిలువలు మిక్కిలిగా పేరుకొనెను. ప్రభుత్వ సహాయముపై జీవించు కొందఱికి దానిని తక్కువ ధరకు అమ్మవచ్చునని సంఘము అనుమతించినది. వారు కొట్టులో ఒక చీటీ చూపవలెను. జర్మను, డచ్చి పాఠములలో ఆ చీటీపై కొనువాని పేరుండవలెనని ఉన్నది. ఫ్రెంచి, ఇటాలియను పాఠములలో ఆ చీటీ ఫలానివానిదని గుర్తింపదగినట్లుండిన చాలునని మాత్రమే ఉన్నది. జర్మనీలోని ఊల్మ్ నగరవాసి యొకడు, తాను సహాయము పొందువాడనని అంగడివానికి పేరుతో వెల్లడించుకొనుట తన గౌరవమునకు భంగమని న్యాయస్థానము కెక్కెను. న్యాయమూర్తులు నాలుగు పాఠములను ప్రక్కప్రక్కన నుంచి పరిశీలించి, శాసనము ఉద్దేశించినది పేరు బయటపెట్టుట కాదనియు, తక్కువ నిర్బంధముగల అర్థమునే గ్రహింపవలెననియు తీర్పు చెప్పిరి. జర్మను పాఠ మొక్కటియే ఉండినచో ఆ పేదవానికి ఈ ఆధారము లభించెడిది కాదు. భాషలు నాలుగగుటచేత గందరగోళము కలిగినమాట నిజమే. ఆ నాలుగు భాషలే ఆతని మానమును నిలిపినమాటయు నిజమే.

రెండవది చెక్ దేశమునకు సంబంధించినది. 2004లో ఆ దేశము సమాఖ్యలో చేరిన తరుణమున సుంకముల నిబంధనలు చెక్ భాషలో ఇంకను రాజపత్రమున ప్రకటింపబడలేదు. అయినను ఆ నిబంధనలను మీఱినందుకు మద్యము దిగుమతి చేయు ఒక సంస్థకు అధికారులు జరిమానా విధించిరి. ఆ సంస్థ వ్యాపారమునకు సంబంధించినది. ఇతర భాషలలోనైనను నిబంధనలను తెలిసికొని యుండదా అని అధికారుల వాదము. 2007 డిసెంబరులో న్యాయస్థానము దీని నంగీకరింపలేదు. పౌరుని దేశభాషలో సక్రమముగా ప్రకటింపని బాధ్యతను ఆతనిపై మోపరాదని నిర్ణయించినది.

ఇట్లని ఈ ఏర్పాటు లోపరహితమని మేము చెప్పుటలేదు. శాసనముల ముసాయిదాలు ఎక్కువగా ఇంగ్లీషులోనే పుట్టుచున్నవి. తక్కిన పాఠములు న్యాయరీత్యా సమానములైనను వాస్తవమునకు తర్జుమాలే. అనువాదకులు చాలక మాల్టీసు భాషకు మొదట మూడేండ్లు సడలింపు నీయవలసివచ్చినది. ఐరిషు భాషకు పూర్తిస్థాయి 2022లోగాని కలుగలేదు. లక్షలకొలది జనులు మాటాడు కటలాన్ భాషను చేర్చుకొమ్మని స్పెయిను 2023లో కోరినది. సమానత్వమునకు గీత ఎక్కడ గీయవలెనన్నది నేటికిని తెగని సమస్యయే.

ఈ సమస్య మనకును క్రొత్త కాదు. మనది ఒకే దేశము, అది దేశముల కూటమి. కనుక పోలిక కొంతవరకే చెల్లును. అయినను 8వ షెడ్యూలులో 22 భాషలు గల మన దేశమున సుప్రీముకోర్టు వ్యవహారము ఇంగ్లీషులో జరుగుచున్నది. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1966లో తెలుగును అధికార భాషగా చట్టము చేసినది. కేంద్ర శాసనములకు ప్రాంతీయ భాషలలో ప్రామాణిక పాఠములను ప్రకటించుటకు 1973లో పార్లమెంటు మార్గ మేర్పరచినది. పల్లెటూరి రైతు చేతికి వచ్చిన నోటీసును ఆతడే చదువుకొనగలడా, లేక చదివి చెప్పువానిని వెదకుకొనవలెనా అన్నదే ఇచ్చటను అసలు ప్రశ్న.

భాషకు సమాఖ్యలో రెండు పనులు కలవు. ఒకటి సంభాషణము, రెండవది శాసనము. అధికారులును, విద్వాంసులును, వర్తకులును తమలో తాము సంభాషించుటకు ఏదో ఒక భాష సౌకర్యమునుబట్టి దానంతట అదియే వ్యాపించును. దానికి చట్టమక్కరలేదు, దానిని వారించుటయు శక్యము కాదు. మాతృభాషతోపాటు చిన్ననాటినుండి మరి రెండు భాషలు నేర్పవలెనని 2002లో బార్సిలోనాలో సమాఖ్య నాయకులు చేసిన నిర్ణయము ఇందుకు తగిన ఉపాయము. కాని పౌరునినుండి పన్ను గొనునపుడు, జరిమానా వేయునపుడు, ఆతని హక్కును నిర్ణయించునపుడు మాటాడవలసినది ఆతని భాషలోనే. ప్రభువు తన సౌకర్యమునకై ఒక భాషను ఎన్నుకొన్నచో, ఆ భాషను నేర్చు భారము ప్రజపై పడును. దుబాసీల జీతములతో పోల్చినచో ఆ భారము ఎన్నియో రెట్లు అధికము. అదియు చదువు తక్కువైనవారిమీదనే ఎక్కువగా పడును. ఈ కారణముచేత సమాఖ్యకు ఉమ్మడి సంభాషణభాష ఉండవచ్చును గాని, ఏకైక శాసనభాష ఉండరాదని మా అభిప్రాయము.