పిల్లల పొట్ట తడిమి కట్టిన లెక్క

మలేరియా క్రిమిని లావెరాన్ అనే వైద్యుడు అల్జీరియాలో మొదటిసారి చూసింది 1880లో. రోనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో దోమ కడుపులో దాని ఆనవాలు పట్టుకున్నది 1897 ఆగస్టు 20న. క్రిమీ దోమా తెలియని 1840లలోనే, యమునా కాలువల పక్క ఊళ్లలో జ్వరం ఎక్కడ ఎంత ఉందో డెంప్‌స్టర్ అనే వైద్యుడు లెక్కగట్టాడు. ఆయన పనిముట్టు చెయ్యి. ఎడమ డొక్క కింద నొక్కి, బల్ల, అంటే ఉబ్బిన ప్లీహం, తగులుతుందా లేదా అని చూడడమే పరీక్ష.

పాడైన ఎర్ర రక్తకణాలను వడకట్టే ప్లీహం మామూలుగా పక్కటెముకల చాటున ఉండి చేతికి అందదు. మలేరియా పదేపదే సోకితే ఉబ్బి కిందికి దిగుతుంది. నూటికి ఎందరు పిల్లల్లో తగిలితే అది ఆ ఊరి ప్లీహ శాతం.

1950లో కంపాలాలో జరిగిన మలేరియా సమావేశం ఈ శాతాన్నే కొలబద్దగా తీసుకుంది. 2 నుంచి 9 ఏళ్ల పిల్లల్లో 10 శాతం దాటకపోతే మలేరియా అల్పం; 11 నుంచి 50 దాకా మధ్యస్థం; ఎప్పుడు చూసినా 50 పైనే ఉంటే అధికం; 75 పైనే ఉంటే అత్యధికం. అధికమన్న చోట పెద్దల్లోనూ బల్లలు ఎక్కువే. అత్యధికమన్న చోట మాత్రం పెద్దల్లో తక్కువ! వాళ్లకు నిరోధక శక్తి వచ్చేసింది కాబట్టి. ఆ శక్తి రాకముందే చనిపోయిన పసివాళ్లు ఈ శాతాల్లో ఎక్కడా కనిపించరు. ఈ వర్గీకరణలో నన్ను కలచివేసే సంగతి ఇదే.

చేతి పరీక్షకు హద్దులున్నాయి. కాలా అజార్ అనే మరో జబ్బులోనూ ప్లీహం ఉబ్బుతుంది. మలేరియా తగ్గేకొద్దీ బల్లలు అరుదై, ఆ శాతంతో చెప్పగలిగేది తగ్గిపోతుంది. మన దేశంలో 1947 నాటికి ఏటా 7.5 కోట్ల మలేరియా కేసులు, 8 లక్షల మరణాలని అంచనా. 1953లో మొదలైన డీడీటీ కార్యక్రమంతో 1961 నాటికి కేసులు 50 వేలకు దిగాయి. అప్పటికి రక్తపు స్లైడే ఆధారమైంది. ఏడాదిలో వెయ్యిమంది జనాభాకు ఎన్ని కేసులు తేలాయన్నదే కొత్త లెక్క. 1976లో కేసులు మళ్లీ 64 లక్షలు దాటాయి. మరుసటి ఏడాది కొత్త ప్రణాళికలో, వెయ్యికి 2 లేదా అంతకు మించి కేసులున్న చోట దోమల మందు చల్లాలని నిర్ణయించారు.

ఈ లెక్కలోకి పరీక్ష చేయించుకున్నవారే వస్తారు. ముఖ్యంగా మన ఏజెన్సీ ఊళ్లలో జ్వరం తగిలితే, మలేరియా మాత్ర వేసుకునే ముందే రక్తపరీక్ష చేయించుకోండి.