దారి వెంట పెరిగిన ఊరు

కొత్త ఊళ్లో దిగగానే మనం ముందు ఏం చూస్తాం? బడి ఎక్కడ, బజారు ఎక్కడ, పెద్ద వీధి ఎటు పోతుంది అని. బదిలీల వల్ల అలవాటైన ఆ చూపుతోనే ఈసారి స్పెయిన్‌లోని కాస్త్రోహెరిస్ అనే పాత ఊరికి వెళ్దాం.

ఫ్రాన్స్ సరిహద్దు నుంచి సాంతియాగో దె కొంపోస్తెలా నగరం దాకా సుమారు 780 కిలోమీటర్ల కాలినడక యాత్రాబాట ఉంది. ఏసుక్రీస్తు శిష్యుడైన యాకోబు సమాధి ఆ నగరంలో ఉందని క్రైస్తవుల నమ్మకం. ఆ బాటలో బుర్గోస్ నగరం దాటి 40 కిలోమీటర్లు నడిస్తే ఈ ఊరు వస్తుంది.

ఊరు ఇంకా మూడు నాలుగు కిలోమీటర్లు ఉందనగా బాట ఒక పెద్ద రాతి కమాను కింద నుంచి పోతుంది. అది సాన్ ఆంటోన్ మఠం. ఇప్పుడు పైకప్పు లేదు, గోడలే మిగిలాయి. మధ్యయుగంలో ఇక్కడి సన్యాసులు ఒక భయంకరమైన జబ్బుకు వైద్యం చేసేవారు. కాళ్లూ చేతులూ నిప్పు పెట్టినట్టు మండి, నల్లబడి, చివరికి ఊడిపోయేవి. దాన్ని సెయింట్ ఆంటోనీ మంట అనేవారు. కారణం పాపం కాదు, రొట్టె! చలిదేశాల్లో తినే రై అనే ధాన్యం వెన్నులకు తేమ ఏళ్లలో ఒక బూజు పట్టేది. మన సజ్జ చేలకు వచ్చే తేనెబంక తెగులు తెచ్చేది కూడా ఆ జాతి బూజే. ఆ సంగతి అప్పట్లో ఎవరికీ తెలియదు. కానీ యాత్రకు బయల్దేరిన రోగి ఇంటి దగ్గరి పాడు పిండిని వదిలేసి, ఇక్కడ గోధుమ రొట్టె తినేవాడు. చాలామంది కోలుకున్నది అందుకేనని ఇప్పుడు అనుకుంటున్నారు. రాత్రి తలుపులు మూశాక వచ్చే వాళ్ల కోసం కమాను కింది గూళ్లలో రొట్టెలు పెట్టి ఉంచేవారట. ఆ గూళ్లు నేటికీ ఉన్నాయి.

ఊరి మొదట్లోనే శాంతా మరియా దెల్ మంజానో చర్చి కనిపిస్తుంది. మంజానో అంటే ఆపిల్ చెట్టు. 1214లో రాణి బెరెంగేలా దీన్ని కట్టించడం మొదలుపెట్టింది. ఆమె మనవడు, పదో అల్ఫోన్సో రాజు, కూర్పించిన పాటల్లో ఈ చర్చి కథలున్నాయి. ఒక కథలో పైనుంచి జారిన తాపీ మేస్త్రీ వేలి కొనలతో రాయి పట్టుకుని వేలాడి బతుకుతాడు. రాణి గురించి కాక కూలి గురించి రాజు పాట కూర్పించడం మనకు నచ్చే విషయం.

ఇక వీధి. కిలోమీటరుకు పైగా ఒకటే వీధి! కారణం సులువే. యాత్రికులు నడిచే బాటకు అటూ ఇటూ సత్రాలు, ఆసుపత్రులు, అంగళ్లు వెలిశాయి. ఊరు వెడల్పు కాలేదు, పొడుగైంది.

కోట మాత్రం యాత్రికుల కోసం కట్టింది కాదు. 9, 10 శతాబ్దాల్లో ముస్లిం, క్రైస్తవ సేనలు దీని కోసం పోరాడాయి. ఎక్కడానికి ఆయాసమే. శిథిలాల మధ్య నిలబడి చూస్తే కొండ పాదాన్ని చుట్టుకుని పోయే వీధి, నాలుగు వైపులా గోధుమ చేలు, పడమట మోస్తెలారెస్ అనే గుట్ట కనిపిస్తాయి. రాత్రికి ఊళ్లో పడుకున్న యాత్రికులు తెల్లారగానే ఎక్కాల్సింది ఆ గుట్టనే.