పడమటి గాలి ఒక తీరు, ఉక్కపోత ఇంకో తీరు

మే నెలలో మన నెల్లూరు తీరాన ఎండ రెండు రకాలుగా ఉంటది. పొద్దున తొమ్మిది దాటినకాడ్నుంచి పడమటి గాలి తోలుద్ది. మొహాన పొయ్యి సెగ కొట్టినట్టుంటది, పెదాలు పగుల్తాయి, దండెం మీద గుడ్డ పావుగంటలో అప్పడమైపోద్ది. పైటాల తిరిగినాక సముద్రపు గాలి మళ్లిందంటే వేడి కొంచెం తగ్గుద్ది గానీ చెమట ఆరదు, చొక్కా వీపుకి అతుక్కుపోద్ది. మైపాడు, తుమ్మలపెంట, కృష్ణపట్నం వాళ్లకి ఇది కొత్తగా చెప్పాల్సిన సంగతి కాదు. కొత్త సంగతి ఏందంటే, ఈ రెండో రకాన్ని మనమే కాదు, సైంటిస్టులు కూడా ఇన్నాళ్లూ తక్కువ అంచనా వేసినారు.

ఫోన్లో కనపడే డిగ్రీలు గాల్లో వేడిని మాత్రమే చెప్తాయి. మన ఒళ్లు ఆ వేడిని తట్టుకుంటదా లేదా అనేది చెమట ఆరడాన్ని బట్టి ఉంటది. ఇంట్లో మట్టికుండని చూడండి. పడమటి గాలి రోజుల్లో కుండలో నీళ్లు జిల్లుమంటాయి. కుండ ఒంట్లోంచి ఊరిన తేమ ఆరిపోతా లోపలి వేడిని కూడా లాక్కుపోద్ది. ఉక్కపోత రోజుల్లో అదే కుండ, అవే నీళ్లు, గోరువెచ్చగా ఉంటాయి. గాల్లో అప్పటికే నీళ్లు నిండుగా ఉంటే కుండ తేమ పోయేదానికి చోటేది? మన ఒళ్లూ అంతే. చెమట కారడం వల్ల చల్లబడం, చెమట ఆరడం వల్ల చల్లబడతాం.

దీన్ని కొలిచేదానికి థర్మామీటర్ బుడ్డికి తడిగుడ్డ చుట్టి గాలి తగిలేట్టు పెడతారు. ఆ అంకెని వెట్ బల్బ్ అంటారు. మనం తడిగుడ్డ కొలత అనుకుందాం. ఇది 35 డిగ్రీలు చేరిందంటే, నీడలో ఊరకే కూర్చోనున్న మనిషి కూడా కొన్ని గంటలకి మించి బతకలేడని 2010లో షేర్‌వుడ్, హ్యూబర్ అనే ఇద్దరు లెక్కకట్టినారు. అప్పుడది కాగితం మీద లెక్కే. 2022లో అమెరికాలోని పెన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్లు నిజం మనుషులతో పరీక్ష పెట్టినారు. ఆరోగ్యంగా ఉన్న కుర్రోళ్లని, అమ్మాయిల్ని గదిలో పెట్టి, ఇంట్లో చిన్నాచితకా పనులకి పట్టేంత శ్రమే చేయిస్తా, వేడి, తేమ పెంచుకుంటా పోయినారు. లోపలి టెంపరేచర్ అదుపు తప్పడం 35 కాడ కాదు, ఇంచుమించు 31 కాడే మొదలైంది. గాలి ఎండిపోయిన వేడిలో అయితే ఇంకా కిందే.

తడిగుడ్డ కొలత 31 అంటే ఎంతో కాదు. 38 డిగ్రీల ఎండలో తేమ 60 శాతం ఉంటే చాలు. 35 డిగ్రీల్లో అయితే 75 శాతం. ఈడొక తిరకాసుండాది. మన వాతావరణ శాఖ లెక్కలో తీరప్రాంతాన వడగాడ్పు అని ప్రకటించాలంటే ఎండ కనీసం 37 డిగ్రీలు ఉండాల, అదీ మామూలుకంటే నాలుగున్నర డిగ్రీలు ఎక్కువుండాల. 35 డిగ్రీలు, 75 శాతం తేమ ఉన్న రోజున ఫోనుకి ఏ హెచ్చరికా రాకపోవచ్చు. ఆ రోజే గుంట గట్టున మేత బస్తాలు మోసేవాడి ఒళ్లు ఉడుకుతుంటది. నన్నడిగితే తీరం ఊళ్లకి డిగ్రీల హెచ్చరిక కాదు, తడిగుడ్డ హెచ్చరిక కావాల. 2015 మే నెలలో దేశంలో రెండు వేల మందికి పైగా వడదెబ్బకి పోయినారు, అందులో ఎక్కువ మంది ఆంధ్రా, తెలంగాణ వాళ్లే. ఇంకెన్నాళ్లు ఒక్క అంకె చూసుకుంటా కూర్చుంటాం?

ఫ్యాను సంగతి కూడా ఈ లెక్కలోదే. సిడ్నీ యూనివర్సిటీ వాళ్లు 2019లో రెండు రకాల వేడిలో ఫ్యాను పెట్టి చూసినారు. 40 డిగ్రీలు, తేమ సగం ఉన్నప్పుడు ఫ్యాను మేలు చేసింది, గుండె మీద బరువు తగ్గింది. 47 డిగ్రీలు, తేమ బాగా తక్కువున్నప్పుడు అదే ఫ్యాను కీడు చేసింది. ఒంటికంటే వేడిగా ఉన్న ఎండుగాలిని ఒంటి మీదికి తోలితే పొయ్యి ఊదినట్టే గదా. కాబట్టి ఉక్కపోతలో ఫ్యాను కింద కూర్చోండి, ఏం కాదు. పడమటి గాలి మంచి పట్టు మీదున్నప్పుడు ముసలోళ్లని ఉత్త ఫ్యాను కింద పడుకోబెట్టి ఊరుకోవద్దు. ఒంటి మీద తడిగుడ్డ వేసి అప్పుడు ఫ్యాను వెయ్యండి. తువ్వాల తడిపి నెత్తిన వేసుకునే మన తాతల పద్ధతి ఎండుగాలికి సరిగ్గా సరిపోద్ది.

ఇప్పుడు అసలు భయపెట్టే సంగతి. ఎండ దెబ్బంటే పడిపోవడం ఒక్కటే కాదు. పడిపోకుండానే ఏళ్ల తరబడి కిడ్నీలు అరిగిపోతుండాయి.

అల్లూరు మండలం ఇసకపల్లి కాడ ఉప్పు కొటార్లు మీకు తెలుసు. ఎండ ముదిరినకొద్దీ ఉప్పు బాగా పండుద్ది. అంటే మనిషి దాక్కోవాల్సిన కాలమే ఆ పనికి సీజను. కింద ఉప్పునీళ్లు, తెల్లటి ఉప్పు మీద పడి తిరిగి కళ్లలోకి కొట్టే ఎండ, నీడకి చెట్టుండదు. పక్క రాష్ట్రం తమిళనాడులో ఇట్టాంటి ఏడు కొటార్లలో 2017 నుంచి 2020 దాకా 352 మంది కూలీలని చెన్నై పరిశోధకులు పరీక్షించినారు. పదిమందిలో తొమ్మిది మంది పనికి ఉండాల్సిన హద్దుకు మించిన వేడిలో పనిచేస్తుండారు. వందకి ఏడుగురికి కిడ్నీ పనితనం తగ్గిపోయుండాది. ఆడోళ్ల కష్టం ఇంకోటి. కొటారు కాడ మరుగుదొడ్డి లేదని నీళ్లు తాగడమే మానుకుంటారు. దాంతో మూత్రంలో మంట, ఇన్ఫెక్షన్లు. ఈ మాట రాయడానికి పరిశోధన అవసరమా అని ఇసకపల్లి అక్కల్ని అడిగితే నవ్వుతారేమో. కానీ కాగితం మీదికి ఎక్కితేనే గదా ఎవరైనా పట్టించుకునేది.

కిడ్నీ రోగం అనగానే మనకి శ్రీకాకుళం ఉద్దానం గుర్తొస్తది. ఆడ షుగరు, బీపీ లేనోళ్లకి కూడా ఎందుకు వస్తుండాదో ఇదీ అని ఇంకా ఒక్క కారణం తేల్లేదు. నీళ్లు, పురుగుమందులు, ఎండలో చాకిరీ, అన్నిటి మీదా అనుమానాలుండాయి. ఎండ ఒక్కదాని మీదే నేరం మోపేదానికి లేదు. అయితే మధ్య అమెరికాలో చెరకు కొట్టే కూలీల కాడ ఎండ పాత్ర గట్టిగానే బయటపడింది. నికరాగువాలో ఒక చెరకు మిల్లు పొలాల్లో కూలీలకి నీడ, నీళ్లు, మధ్యలో విరామం పెంచినారు. సీజను లోపల కిడ్నీ దెబ్బతిన్న చెరకు కోతగాళ్లు అంతకుముందు ఏడాది నూటికి 27 మంది. ఆ తర్వాత ఏడాది 7. మందు లేదు, మిషను లేదు. గుడారం, నీళ్ల డ్రమ్ము, కాసేపు కూర్చోనిచ్చే మేస్త్రీ.

మనకాడ చిక్కు ఆ చివరి దాంట్లోనే ఉండాది. 11 నుంచి 4 దాకా బయటికి పోవద్దని టీవీలో చెప్తారు. చేసిన పనిని బట్టి కూలి తీసుకునేవాడు గంట కూర్చుంటే గంట కూలి పోద్ది. పట్టుబడి రోజున రొయ్య ఆగదు, లారీ ఆగదు. విరామం అనేది కూలీ ఇష్టం కాదు, గుంట యజమాని, కొటారు యజమాని లెక్కలో ఉండాల్సిన ఖర్చు. గట్టు మీద టార్పాలిన్ పట్ట కట్టేదానికి ఎంతవుద్ది? ఒక ఏరియేటర్ ఖరీదు ముందు అదెంత?

ఎండన పడి వచ్చి కూల్ డ్రింకు తాగే అలవాటుంటే ఇది చదవండి. అమెరికాలో బఫెలో యూనివర్సిటీ వాళ్లు 2019లో అచ్చించిన పరీక్షలో, వేడిలో నాలుగు గంటలు శ్రమ చేయిస్తా కొందరికి నీళ్లు, కొందరికి సాఫ్ట్ డ్రింకు ఇచ్చినారు. మళ్లీ ఇంకో రోజు మార్చి ఇచ్చినారు. సాఫ్ట్ డ్రింకు తాగిన రోజున కిడ్నీ మీద దెబ్బ గుర్తులు ఎక్కువ కనపడినాయి. చిన్న పరీక్షే, పదిపన్నెండు మంది మీదే, దాన్ని పట్టుకుని జీవితంలో ముట్టొద్దు అనేదానికి లేదు. కానీ చెమటోడ్చేటప్పుడు నీళ్లకి బదులు అది మాత్రం కాదు.

ఓఆర్ఎస్ అయితే మంచిదే. అయితే ఏది ఓఆర్ఎస్ అనే దాని మీదే మన తెలుగు డాక్టరమ్మ, హైదరాబాదు పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఎనిమిదేళ్లు పోట్లాడాల్సొచ్చింది. చక్కెర నీళ్లని ఓఆర్ఎస్ పేరు తగిలించి డబ్బాల్లో అమ్ముతుండారని ఆమె గొడవ. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు పానీయాల మీద వాడొద్దని చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో అసలైన ప్యాకెట్టు లీటరు నీళ్లకి 20.5 గ్రాములు. అందులో గ్లూకోజు 13.5, ఉప్పు 2.6. ఆశా కార్యకర్త కాడ దొరుకుద్ది. మజ్జిగలో ఉప్పేసుకుని తాగినా పనికి మంచి తోడే. బీపీ, గుండె, కిడ్నీ జబ్బున్నోళ్లు మాత్రం డాక్టరుని అడిగి తాగాల.

ఇంకోటి నొప్పుల బిళ్ల. సాయంత్రం ఒళ్లు నొప్పులని షాపులో డైక్లోఫెనాక్ లాంటివి కొనుక్కుని, లేకపోతే ఒక సూది పొడిపించుకుని, తెల్లారి మళ్లీ ఎండలోకి పోయేవాళ్లు ప్రతి ఊళ్లో ఉండారు. ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు కిడ్నీకి రక్తం తగ్గుద్ది. ఈ బిళ్లలు దాన్ని ఇంకా తగ్గిస్తాయి. రెండూ కలిస్తే దెబ్బ రెట్టింపు. కిడ్నీ సగానికి పైగా పోయేదాకా మనిషికి ఏమీ తెలియదు, అదీ దీంతో వచ్చిన చిక్కు. కొటార్లో, గుంటల కాడ ఏళ్లుగా చేస్తున్న నాన్ననో, పెదనాన్ననో ఏడాదికోసారి క్రియాటినిన్ రక్తపరీక్షకి తీసకపోండి.

సెలవులకి బెంగుళూరు నుంచో చెన్నై నుంచో వచ్చి గుంట కాడ సాయం చేద్దామనుకునే తమ్ముళ్లకి ఒక మాట. ఎండ దెబ్బకి చనిపోయిన కూలీల్లో సగానికి పైగా పనిలో దిగిన మొదటి కొద్ది రోజుల్లోనే పోతుండారని అమెరికా కార్మిక భద్రత లెక్కలు చెప్తుండాయి. ఏసీ గదిలో ఉన్న ఒళ్లు ఎండకి అలవాటు పడేదానికి వారం నుంచి రెండు వారాలు పట్టుద్ది. మొదటి రోజు ఐదో వంతు పని చాలు, రోజుకి కొంచెం పెంచుకోవచ్చు. పక్కనున్న పెద్దాయన చేస్తుండాడు గదా అని పంతానికి పోవద్దు, ఆయనది మార్చి నుంచి కాగిన ఒళ్లు.

అంతా చేసినా ఎవరో ఒకరు పడిపోతారు. మాట తడబడినా, పిచ్చిగా మాట్లాడినా, స్పృహ తప్పినా అది వడదెబ్బే అనుకోండి. పారాసిటమాల్ పనిచెయ్యదు, ఇది జ్వరం కాదు. 108కి ఫోన్ కొట్టండి, కానీ బండి కోసం ఎదురుచూస్తా కూర్చోవద్దు. అమెరికాలో ఫాల్మత్ అనే ఊళ్లో ఏటా పరుగు పందెం జరుగుద్ది. ఆడ 18 ఏళ్లలో వడదెబ్బతో కూలిన 274 మందిని అప్పటికప్పుడు ఐసు నీళ్ల తొట్టిలో ముంచినారు. ఒక్కరు కూడా చనిపోలేదు. ముందు చల్లబరచాల, ఆ తర్వాతే ఆసుపత్రికి తరలించాల.

పట్టణంలో ఐసు, తొట్టి వెతుక్కోవాల. పట్టుబడి జరిగే గుంట గట్టున, చేపల రేవు కాడ రెండూ సిద్ధంగా ఉంటాయి. రొయ్యల టబ్బులో నీళ్లు పోసి ఐసు కొట్టి, మనిషిని మెడ దాకా దించి, తల పైకి పట్టుకోండి. టబ్బు లేకపోతే టార్పాలిన్ పట్టలో పడుకోబెట్టి నాలుగు కొసలూ నలుగురు ఎత్తి పట్టుకుని ఐసు నీళ్లు పొయ్యండి. ముసలోళ్లకైతే ముంచకుండా ఒంటి మీద తడిగుడ్డలు మారుస్తా, గట్టిగా విసరండి. స్పృహ లేనోడి నోట్లో నీళ్లు పొయ్యొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అరగంట లోపల ఒళ్లు చల్లబడాల. బండి అప్పటికి రాకపోయినా ఐసు నీళ్లు ఆపొద్దు.