పాలకుడే వర్తకుడైనప్పుడు: ఉత్తర సర్కారుల నేతగాళ్ళు

మన చేనేత క్షీణతకు కారణమేమిటని అడిగితే చాలామంది చెప్పే సమాధానం ఒక్కటే: ఇంగ్లండులో ఆవిరి మగ్గం వచ్చింది, చవక గుడ్డ దిగింది, మన మగ్గం ఆగింది. ఇందులో అబద్ధం లేదు. కాని ఉత్తర సర్కారుల చరిత్ర చూస్తే ఈ సమాధానం కథను సగంలో మొదలుపెడుతున్నదని తెలుస్తుంది. మిల్లు గుడ్డ వెల్లువెత్తింది 1820ల తరువాత. నేతగాడి స్వేచ్ఛ అంతకు అర్ధశతాబ్దం ముందే పోయింది.

కుతుబ్‌షాహీల కాలంలో మచిలీపట్నం రేవుకు ఇరానీ, అర్మేనియన్, డచ్చి, ఇంగ్లీషు వర్తకులు వచ్చేవారు. ఇంగ్లీషు కంపెనీ కొఠీ అక్కడ 1611లో వెలిసింది. ఒకరు ధర తగ్గిస్తే నేతగాడు మరొకరి గడప తొక్కేవాడు. బయానా తీసుకొన్నా, నచ్చకపోతే సొమ్ము తిరిగి ఇచ్చి తప్పుకొనే వీలుండేది. చిరివేరు ఎరుపుతో అద్దిన జానమాజులు, సుఫ్రాలు ఇరాన్‌కు వెళ్ళేవి. ‘కలంకారీ’ అన్న మాటే ఫార్సీ. ఐరోపాలో ఈ అద్దకాలకు ఎంత ఆదరణ లభించిందంటే, స్వదేశపు ఉన్ని, పట్టు పనివారి ఆందోళనకు తలొగ్గి ఇంగ్లండు పార్లమెంటు 1700లో వాటి దిగుమతిని, 1721లో చాలామటుకు వాడకాన్ని కూడా నిషేధించింది. స్వేచ్ఛా వాణిజ్యపు పాఠం మనకు చెప్పిన దేశం, తన పరిశ్రమ నిలదొక్కుకొన్న తరువాతనే ఆ పాఠం నేర్చుకొన్నది.

1765లో షా ఆలం ఇచ్చిన ఫర్మానాతో, 1766లో నిజాముతో కుదిరిన ఒప్పందంతో సర్కారులు కంపెనీ వశమయ్యాయి. నిన్నటి కొనుగోలుదారు ఇప్పుడు ప్రభువు. కంపెనీ బయానా తీసుకొన్నవాడు సరుకు అప్పగించేదాకా ఇతరులకు నేయరాదు. పని చూడటానికి బంట్రోతులను పంపేవారు, వారి బత్తెం నేతగాడి నెత్తినే పడేది. గుడ్డ రకాన్ని పుంజాలలో లెక్కించేవారు (120 పోగులు ఒక పుంజం). అయితే ఏ గుడ్డ ఏ తరగతికి చెందుతుందో నిర్ణయించేది కొనేవాడే. 18వ శతాబ్దపు చివరి ఏళ్ళలో గోదావరి ప్రాంతపు నేతగాళ్ళు మూకుమ్మడిగా నిరసనకు దిగారు.

ఇబ్న్ ఖల్దూన్ (మరణం 1406) తన ‘ముఖద్దిమా’లో ఒక అధ్యాయాన్ని ఈ విషయానికే కేటాయించాడు. పాలకుడు వర్తకానికి దిగితే ప్రజలకూ నష్టమే, ఖజానాకూ నష్టమే అన్నది ఆయన వాదన. ప్రభువుతో పోటీపడగల వర్తకుడు ఉండడు గదా. ఆయన చూసినవి ఉత్తర ఆఫ్రికా రాజ్యాలు. వర్ణన మాత్రం ఇంజరం కొఠీకి అతికినట్లు సరిపోతుంది.

పన్ను సంగతి కూడా చూడాలి. మద్రాసు రాజధానిలో మగ్గంపై ‘మొహతర్ఫా’ వసూలయ్యేది. అరబీలో ‘హిర్ఫా’ అంటే వృత్తి, ‘ముహ్తరిఫ్’ అంటే వృత్తిపనివాడు. పనివాడి పేరే పన్ను పేరయింది! ఈ పన్ను కంపెనీ సృష్టి కాదు, పాతదే. అయితే బజారు పోయినా పన్ను పోలేదు. 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్ పార్లమెంటుకు పంపిన అర్జీలో దీనిపై మొర ఉన్నది. 1860 ప్రాంతంలో గాని ఇది రద్దు కాలేదు.

బజారు పోవడంలోనూ శాసనం చేయి ఉన్నది. 1813 చార్టరుతో భారత వర్తకంలో కంపెనీ గుత్తాధికారం ముగిసి, బ్రిటిష్ నూలు బట్ట స్వల్ప సుంకంతో ఇక్కడికి రాసాగింది. మన బట్టపై అక్కడ 70, 80 శాతం సుంకాలు ఉండేవనీ, అవి లేకుంటే మాంచెస్టరు మిల్లులు ఆదిలోనే ఆగిపోయేవనీ రాసినవాడు ఇంగ్లీషు చరిత్రకారుడు హెచ్. హెచ్. విల్సనే. 1833 చార్టరు కంపెనీ వర్తకాన్ని పూర్తిగా ముగించింది. పీడించిన కొనుగోలుదారు వెళ్ళిపోయాడు గాని, అతడు చెదరగొట్టిన పాత వర్తకులు తిరిగి రాలేదు. నరసాపురం పక్కనున్న మాధవాయపాలెం పేరు ఇంగ్లీషువారి నోట ‘మడపోలం’ అయి, ఒక రకం తెల్లబట్టకు పేరుగా నిలిచింది. తరువాత ఆ పేరుగల బట్టను ఇంగ్లండు మిల్లులే నేసి ఎగుమతి చేశాయి.

అయినా మగ్గాలన్నీ ఆగిపోలేదు. నేతగాళ్ళు మిల్లు నూలు కొని, స్థానికులకు చీరలు, పంచెలు నేస్తూ నిలబడ్డారు. తిరిగి లేవలేనిది రాట్నం. పొందూరు వంటి కొన్ని చోట్ల తప్ప, ఇంటింటా నూలు వడికిన స్త్రీల రాబడి పోయింది. వారు కొఠీ బయానా తీసుకొన్నవారు కారు, మగ్గపు పన్ను కట్టినవారూ కారు. అందువల్ల నేతగాడి కష్టం దస్తరాలకు ఎక్కినంతగా వారి కష్టం ఎక్కలేదు.